ఆనందపురం రోడ్డు మీద ఎగిరిన కారు

ఇంద్రజకి ఇరవై ఏళ్లు. టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా మాట్లాడదు.

గాజువాక ఇంజనీరింగ్ కాలేజీలో విద్యార్థులే రేసు కారు తయారుచేసే జట్టు ఒకటుంది. అందులో వెనక రెక్క ఇంద్రజ పని. కారు వేగంగా పోతుంటే గాలి ఆ రెక్కని, దానితోపాటు వెనక చక్రాల్ని నేలకి అదమాలి. పెద్ద జట్లకి దీన్ని పరీక్షించుకోవడానికి గాలి సొరంగాలుంటాయి. వీళ్లకి ల్యాబులో ఒక కంప్యూటరుంది. లెక్క తేల్చడానికి అది రాత్రంతా తీసుకుంటుంది. అమ్మాయిల హాస్టల్ గేటు ఆరింటికి మూస్తారు, మళ్లీ ఎనిమిదింటికి గానీ తియ్యరు. కాబట్టి సాయంత్రం లెక్క ఎక్కించేది ఇంద్రజ, పొద్దున్నే ఫలితం చూసేది కెప్టెన్ ఉమామహేష్. చూసినవాడిదే రెక్క అయింది.

ఆదివారం ఆనందపురం దగ్గర ఖాళీ రోడ్డు మీద కారు నడిపి చూశారు. వార్డెన్ ఇంద్రజని పంపలేదు. మలుపులో కారు గిర్రున తిరిగి పొదల్లోకి పోయింది. ఇక రెక్క ఉంచాలా తీసేయాలా అన్నది ఈ సాయంత్రం జట్టు బాధ్యత చూసే శ్రీనివాసరావు మాస్టారు తేల్చాలి.

గవర్రాజు టీకొట్టు బెంచీ మీద మాస్టారు, ఇంద్రజ, దావూద్ కూర్చున్నారు. దావూద్ చేపల పడవలకి ఫైబర్ పోస్తాడు, ఈ రెక్కా ఆయన పోసిందే. ఉమామహేష్ నిలబడ్డాడు. కూర్చుని అతను ఏదీ చెప్పడు.

"రెక్క తీసేద్దాం సార్. పనిసెయ్యక కాదు, ఎక్కువ పనిసేసేసి. నాను గీసింది కదా. కంప్యూటర్ మొరాయిస్తే సిగరెట్ పెట్టె మీద గీసీసాను."

"ఎవరి సిగరెట్లు?" అన్నాడు మాస్టారు.

"గవర్రాజు బావవి సార్. ఇంక గాలి సొరంగమంటారా, మనకేది? తుఫానొచ్చిన రోజు యారాడ కొండెక్కి, రెక్కని రెండు సేతుల్తో పట్టుకుని నిలబడ్డాను. ఏ మూల ఎంత లాగుతందో ఏళ్లకి తెలిసిపోతది. ఆ గాలికి కొబ్బరి సెట్లు పడిపోయాయి, నాను పడలేదు."

"నేను రెక్క పోసింది పోయిన నెల," అన్నాడు దావూద్. "తుఫాను అంతకుముందెప్పుడో."

"అది అట్టముక్కతో సేసిన రెక్క భాయ్, మొదటిది. సరే, ఆదివారం సంగతి. మిగతావోళ్లు డ్రాయింగు ముందేసుకుని కూసున్నారు, నాను దాని మొహం కూడా సూడలేదు. రోజూ మన నెత్తి మీంచి విమానాలు దిగుతన్నాయి కదా, రెక్క ఎలాగుంటదో నాకు తెలీదా? రెక్క ఉబ్బుగా ఉన్న వైపు పైకెట్టి, దాని మీద దావూద్ భాయ్ స్టిక్కరు ఊరందరికీ కనబడేలాగ, నాలుగు బోల్టులూ నానే బిగించాను. నలభై స్పీడులో ఏటీ లేదు. అరవై దాటింది. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఎనక సక్రాలు తేలిపోయాయి."

ఇంద్రజ గ్లాసు పెదవి దగ్గర ఆగింది. అతని వైపు చూసింది. మళ్లీ తాగింది.

"తేలడమంటే?" అన్నాడు మాస్టారు.

"తేలడమే సార్. మలుపులో స్టీరింగు ఇటు తిప్పితే ఎనకభాగం అటు పోతంది. అప్పుడు ముందు సక్రాలూ లేచాయి. టోల్ గేటు మీంచి పోతంటే కిందోళ్లు ఫాస్టాగు ఎలాగ స్కాన్ సెయ్యాలో తెలీక నోరెళ్లబెట్టుకుని సూత్తన్నారు. సింహాచలం కొండ దాటీసాను. మల్కాపురం మీదికొచ్చేసరికి రిఫైనరీ పొగగొట్టం తగలబోతే కాళ్లు పైకి ముడుచుకున్నాను. పోర్టులో ఓడోడు నన్ను సూసి హారన్ కొట్టాడు. మర్యాద కదా, నానూ కొట్టాను."

"రేసు కారుకి హారనుంటదేటి?" అన్నాడు గవర్రాజు, పాలు తిరగబోస్తూ.

"నోటితో కొట్టాను బావా. అదా ఇప్పుడు? ఇంతలో ఎయిర్‌పోర్టోళ్లు కాసేపు ఆగమన్నారు, ముందు వేరే విమానం దిగాలంట. రెండు సుట్లు కొట్టి, గాజువాక జంక్షన్లో రెండు షేరాటోల మధ్య దింపీసాను. ఒక ముసలమ్మ కూర్మన్నపాలెం పోతదా బాబూ అని ఎక్కబోయింది. అంత బలం సార్ నా రెక్కది. మన కారు తట్టుకోలేదు, తీసేద్దాం."

నవ్వుతూనే మాస్టారు తలూపాడు. "ఏదైనా, కారు అదుపు తప్పింది కదా. తీసేయడమే మంచిదేమో."

ఇంద్రజ ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"ఉబ్బు పైకి పెట్టావా?"

"సెప్పాను కదా."

"బోల్టులు ఇంకెవరూ ముట్టుకోలేదు?"

"నాను తప్ప ఎవరికొచ్చు?"

"విమానం రెక్క పైకి లేపడానికి, ఉమామహేష్. మనది కిందికి అదమడానికి. అందుకే ఉబ్బు కిందికి ఉండేలా గీశాను. నువ్వు తిరగేసి బిగించావు. సింహాచలం కొండ దాటలేదు గానీ, వెనక చక్రాలు తేలిన మాట నిజమే. రెక్క బాగానే పనిచేసింది, నువ్వెలా పెడితే అలా."



"అయితే అమ్మా, నా స్టిక్కరు?" అన్నాడు దావూద్.

"కింద కనబడదు భాయ్. పక్క పలక మీద అంటిస్తాను."

ఉమామహేష్ బెంచీ చివర కూర్చున్నాడు.

"దిగిపోయావా బావా," అంటూ గవర్రాజు అతనికో గ్లాసు అందించాడు.

రెక్క ఉంచమన్నాడు మాస్టారు. మళ్లీ ఆదివారం ఆనందపురంలోనే పరీక్ష అన్నాడు.

ఆ ఆదివారం ఇంద్రజ వార్డెన్‌ని అనుమతి అడగలేదు. ఆనందపురం వెళ్లి నాలుగు బోల్టులూ తనే బిగించింది.