రాగిరెక్క కుడిచెయ్యి

వదినా, ముందు ఒక్క ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పు. ఆ చెయ్యి తుడిచింది నువ్వేనా?

అదే, ఆ అద్దాల బీరువాలో, మధ్య అరలో, ఇప్పుడే పుట్టినట్టు తళతళలాడుతూ నిలబడ్డాడే రాగిరెక్క, ఆ బొమ్మ కుడిచెయ్యి. ఎర్రగా ఉండేది. ఇప్పుడు పాలలో ముంచి తీసినట్టుంది. అంత గర్వంగా తలాడించకు తల్లీ! నేను మెచ్చుకోవడానికి అడగలేదు.

స్పిరిటా? దూది పుల్లతోనా? అసలు రంగు లేవకుండా, ఓపిగ్గా... సరే, సరే, ఎలా తుడిచావో నాకు చెప్పకు.

లేదు, కూర్చోను. నిలబడి మాట్లాడితేనే నా బుర్ర పనిచేస్తుంది, కాలేజీ డిబేట్ల దగ్గర్నుంచీ ఇదే జబ్బు. టీ అక్కడ పెట్టు.

అది మరక కాదు వదినా. గోళ్ళరంగు. మా అమ్మది.

నీ పక్షం వాదన ఏమిటో నాకు తెలుసు. నేనే చెప్పేస్తా, నీకెందుకు శ్రమ? బొమ్మ కంపెనీలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. పైన ఎవరో పిల్లలు ఏదో పూస్తే అది బొమ్మకి పట్టిన తెగులు. నువ్వు వైద్యం చేశావు. అంతేనా? ఒప్పుకుంటున్నా. నీ బీరువాలో నీ చట్టం అది. పెట్టె సీలు తియ్యకూడదు, ఎండ తగలకూడదు, తెల్ల తొడుగులు లేకుండా వేలు పెట్టకూడదు. పెళ్ళైన కొత్తలో ఇక్కడికొచ్చి మా నాన్న ఏమన్నాడో గుర్తుందా? "ఇది బీరువానా, బొమ్మల ఐసీయూనా?" అన్నాడు. నువ్వు నవ్వావు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. నాది వేరే నవ్వు.

కానీ ఆ ఒక్క బొమ్మ నీ చట్టం కిందకి రాదు.

నువ్వూ ఆ రాగిరెక్క సినిమా పిచ్చిదానివే, కాదనను. అన్నయ్య నిన్ను చూసిందే బొమ్మలు మార్చుకునే సంతలో. ఎవరి చేతిలోదో రాగిరెక్కని తిరగేసి, పాదం కింద అచ్చు చూసి, ఇది మొదటి విడతది అని చెప్పావట. మా వాడు అక్కడికక్కడే ఫ్లాటు. ఇంటికొచ్చి ఒకటే పాట. "ఆ అమ్మాయికి పాదం కింద అచ్చు కూడా తెలుసే!" స్నానానికెళ్తూ అదే, అన్నం కలుపుకుంటూ అదే. నాకు ఒళ్ళు మండిపోయింది. పాదం కింద అచ్చు ఏదో నీకు తెలుసు వదినా. మా రాగిరెక్క పాదం ఎందుకు అరిగిపోయిందో నాకు తెలుసు. మెట్ల కడ్డీ మీద పైనుంచి కిందికి జారి జారి అరిగింది. ఏది గొప్ప? నువ్వే తీర్పు చెప్పు.

పోనీ, మొదట్నుంచీ చెప్తా, విను.

పాలలో కలుపుకునే మాల్టు డబ్బాల్లో, పొడి అడుగున వచ్చేవి ఆ సినిమా బొమ్మలు. మూత తియ్యడం ఆలస్యం, ఇద్దరం పొడిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టేవాళ్ళం. విలన్ వచ్చాడు. మళ్ళీ విలన్. ఆ తర్వాత విలన్ కుక్క. దాని తర్వాత దీపస్తంభం! దీపస్తంభం కూడా బొమ్మేనట! ఒక సీన్లో ఆ కుక్క కాలెత్తుతుందే, ఆ దీపస్తంభం.

సినిమాలో రాగిరెక్క చెల్లెలికి మాత్రం బొమ్మ లేదు.

ఆలోచించు వదినా. ఆ రెక్కలు చేసిందెవరు? చెల్లెలు. రేకుల షెడ్డులో కూర్చుని, కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని, రాగి రేకు మీద రేకు వేసి వెల్డింగ్ చేసింది చెల్లెలు. ఆ పిల్లే లేకపోతే ఆ మహానుభావుడు డాబా మీంచి బట్టల తీగ దాకా కూడా ఎగరలేడు. దీపస్తంభానికున్న విలువ ఆ పిల్లకి లేకపోయింది. నా జీవితంలో మొదటి డిబేటు దాని మీదే, మా నాన్న ముందు. చెల్లెలి బొమ్మ వచ్చేదాకా మాల్టు ముట్టనని ప్రకటించాను. అన్నయ్య కిక్కురుమనకుండా నా గ్లాసు కూడా తాగేశాడు. నా మీద ప్రేమ అనుకున్నావా? డబ్బా తొందరగా అయిపోతుందని!

ఆ తర్వాతి డబ్బాలోనే వచ్చాడు రాగిరెక్క.

బొమ్మ వచ్చాక మళ్ళీ ఆ సినిమాకెళ్ళాం. రోప్‌వే సీను గుర్తుందిగా. చెల్లెలితో గొడవపడి, "నువ్వు లేకపోయినా నేను ఎగరగలను" అని పొగరుగా పోతాడు. రెక్క విరుగుతుంది. జనంతో నిండిన రోప్‌వే బండి తీగ తెగబోతుంటే వట్టి చేత్తో పట్టుకుంటాడు. అరచెయ్యి చీరుకుపోతుంది. అందరూ దిగేదాకా వదలడు. తర్వాత కాళ్ళీడ్చుకుంటూ షెడ్డుకొచ్చి, చెల్లెలి ముందు నిలబడి... ఏమంటాడు? ఏమీ అనడు. చెయ్యి తెరిచి చూపిస్తాడు. ఆ పిల్ల ఆ చెయ్యి చూస్తుంది, ముఖం తిప్పుకుని వెల్డింగ్ మంట వెలిగిస్తుంది. అయిపోయింది. ఒక్క మాట లేదు.

హాల్లో మా అన్నయ్య ఏడ్చాడు. వెక్కిళ్ళు పెట్టి మరీ. ఎవరైనా చూస్తారని నేను పక్కనుంచి దగ్గడం మొదలుపెట్టా, క్షయరోగిలా. ముందు సీటాయన వెనక్కి తిరిగి "పాపని ఇంటికి తీసుకుపోండి" అన్నాడు కూడా.

ఇంటికొచ్చి చూస్తే బొమ్మ చెయ్యి శుభ్రంగా, తెల్లగా ఉంది. బొమ్మ చేసినవాళ్ళు సినిమా చివరిదాకా కూర్చోలేదని ఇద్దరం తీర్మానించాం. అమ్మ అలమరలోంచి గోళ్ళరంగు తీసి మణికట్టు దాకా పూశాం.

ఇప్పుడు అసలు విషయం విను. ఇది అమ్మకి కూడా తెలియదు.

అప్పట్నుంచీ మా ఇద్దరి మధ్య సారీ అన్న మాట లేదు. ఎవరిది తప్పైతే వాళ్ళు రాగిరెక్కని తీసుకెళ్ళి అవతలివాళ్ళ కంచం పక్కన పెట్టాలి. ఎర్ర చెయ్యి కంచం వైపుండాలి. అంతే. అవతలివాళ్ళు తీసి జేబులో వేసుకుంటే కోపం పోయినట్టు. తియ్యకపోతే ఇంకా పోనట్టు. సైకిలు పాడుచేసినా, పరీక్ష తప్పిన సంగతి నాన్నకి చెప్పేసినా, ఏదైనా సరే, అదే పద్ధతి. చివరిసారి పెట్టింది నేనే, మీ పెళ్ళికి ముందు. ఎందుకో అడక్కు. అన్నయ్య తీసి జేబులో వేసుకున్నాడు. అందుకే ఆ బొమ్మ అన్నయ్యతోపాటు ఈ ఇంటికి వచ్చింది.

ఇప్పుడు చెప్పు. ఈ బొమ్మ నీకెక్కడ దొరికింది?

టిఫిను ప్లేటు పక్కన. అనుకున్నా. ఇందాక ఆ బీరువా ముందు నిలబడ్డప్పుడే అనుకున్నా.

ఎప్పుడు? పెట్టె మూల నలిగిన మర్నాడేనా? అదే, నువ్వు ఎక్కడెక్కడో వెతికి తెచ్చుకున్న సీలు తియ్యని విలన్ పెట్టె మీద అన్నయ్య తన బరువైన సంచి పడేశాడే, దాని మర్నాడు. ఆ సంగతి అమ్మ చెప్పిందిలే. "అట్టపెట్టేగా" అన్నాడా? ఆ మాట అన్నాడా? చీ, నేనైతే ఆ సంచి తీసి కిటికీలోంచి పారేసేదాన్ని. ఇందులో నేను నీ పక్షమే. మూల నలిగితే సంతలో అందరూ ఎలా చూస్తారో నాకూ తెలుసు.

కానీ మర్నాడు పొద్దున ప్లేటు పక్కన ఈ బొమ్మ కనిపిస్తే నువ్వేమనుకున్నావు? లంచమా! నలిగిన దానికి బదులుగా పాతదొకటి పడేశాడని! నోరు మూయించడానికని! అయ్యో నా పిచ్చి వదినా!

అన్నయ్య నీకు సారీ చెప్పాడు. తనకి వచ్చిన ఒకే ఒక్క భాషలో చెప్పాడు. ఆ సారీని నువ్వు స్పిరిట్ పెట్టి తుడిచేశావు. తుడిచి, తాళం వేశావు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ తెల్ల చెయ్యి చూసినవాడు ఏమనుకుని ఉంటాడు? "నీ క్షమాపణ నాకు అక్కర్లేదు" అన్నావనుకోడూ? నువ్వేమో ఇతనికి నోరే లేదని, వాడేమో నీకు మనసే లేదని. ఒకే ఇంట్లో రెండు మౌనవ్రతాలు. భేష్.

ఆగు, ఆగు. ఏడవకు. నా వైపు అలా కృతజ్ఞతగా చూడకు! నేను నీ కోసం బాధపడటం లేదు. నా మంట వేరు.

అది మా భాష వదినా. మా ఇద్దరిదీ. వాడు నన్ను ఒక్క మాట అడక్కుండా నీకు ఇచ్చేశాడు. నీకు నగలు చేయించినా, ఇల్లు రాసిచ్చినా నేను కళ్ళలో నిప్పులు పోసుకునేదాన్ని కాదు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ సగం పెత్తనం నాకేం వద్దు, నువ్వే ఏలుకో. ఆ బొమ్మలో సగం మాత్రం నాది. దాన్ని కంచం పక్కన పెట్టించుకునే హక్కు నాది. అది నీ ప్లేటు పక్కకి వచ్చిందంటే... వాడికి ఇప్పుడు లోకంలో ఎవరి కోపమంటే భరించలేనంత భయమో నాకు అర్థమైపోయింది. ఒకప్పుడు ఆ కోపం నాది.

ఇంకా విను, పూర్తిగా విను, నా గురించి గొప్పగా అనుకోకుండా ఉంటావు.

పొద్దున అన్నయ్య ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళకి ఆ సినిమా మళ్ళీ పెద్ద తెర మీద వేస్తున్నారట, ఇవాళ సాయంత్రం ఆట, రెండు టికెట్లున్నాయి, వస్తావా అన్నాడు. "వదిన రాదా?" అని అడిగా, గొంతులో తేనె పోసుకుని. "తన సంగతెందుకులే" అన్నాడు. ఆహా! చెవుల్లో పన్నీరు చల్లినట్టుంది. రాగిరెక్కని తెస్తావా అనడిగితే "చెయ్యి తెల్లబడిపోయిందే" అన్నాడు. రంగు అరిగిందేమో అనుకున్నా. ఎప్పుడు ఆ సినిమా చూసినా ముందు కొత్త పూత వెయ్యడం మా అలవాటు. దారిలో వాడి ఆఫీసు దగ్గర ఆగి నా టికెట్ తీసుకున్నా. గోళ్ళరంగు సీసా సంచిలో వేసుకుని, బొమ్మని తీసుకుపోదామని ఇటొచ్చా.

నువ్వు తలుపు తీశావు. నీ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

నాకు సంతోషం వేసింది వదినా. అబద్ధమెందుకు? హాయిగా అనిపించింది.

నువ్వు లోపల టీ పెడుతున్నంతసేపూ ఆ బీరువా ముందు నిలబడ్డా. తెల్ల చెయ్యి, నీ ఉబ్బిన కళ్ళు, పొద్దుటి ఫోను, మూడూ కలిపి చూస్తే తెలిసిపోయింది. నేను నోరు మూసుకుంటే చాలు. బొమ్మ ఇవ్వమంటే ఇచ్చేస్తావు, లంచం అనుకుంటున్నావుగా. సాయంత్రం వాడి పక్క సీటు నాది. వాడు ఏడుస్తాడు, నేను దగ్గుతాను. అది నా ఉద్యోగం, ఇంతవరకూ ఎవరూ పీకలేదు.

తీరా నువ్వు ట్రే పట్టుకుని రాగానే ప్రశ్న నోట్లోంచి జారిపోయింది.

మంచితనమని పొరబడకు. లెక్క చూసుకున్నా, అంతే. పక్క సీట్లో నేనుంటా, వాడి తలలో ఆ తెల్ల చెయ్యి ఉంటుంది. రోప్‌వే సీన్లో వాడు ఏడ్చేది సినిమాకి కాదు, నీకు. దానికి నేను దగ్గాలా? ఎదుటి పక్షం హాజరు కాని డిబేటులో కప్పు పట్టుకుని ఫోటో దిగినట్టుంటుంది. అంత చవక గెలుపు నాకొద్దు. ఓడిపోతే ఓడిపోతా, నువ్వు ఎదురుగా ఉండగా ఓడిపోతా.

ఇదిగో టికెట్. ఇదిగో సీసా.

అబ్బా, ఆ తెల్ల తొడుగులు తీసెయ్ వదినా, వట్టి చేత్తో పట్టుకో, చచ్చిపోడు! మణికట్టు దాకా వెయ్యి. వేళ్ళ సందుల్లో కూడా. గీత దాటినా ఫరవాలేదు, మేమెప్పుడూ గీతలోపల వెయ్యలేదు. ఆరేదాకా ఊదు. తర్వాత జేబులో పెట్టుకో, ఎర్ర చెయ్యి బయటికి కనిపించేలా. హాలు గుమ్మంలో వాడు చూస్తాడు. ఏమీ మాట్లాడకు, చెడగొడతావు. రోప్‌వే సీను వచ్చాక వాడి వైపు తిరగకు. గట్టిగా దగ్గు. సిగ్గుపడకుండా దగ్గు.

నేనా? నాకేం? చెల్లెలి బొమ్మ ఏ డబ్బాలోనూ రాలేదుగా, అలవాటే. ఈ చల్లారిన టీ తాగుతూ కూర్చుంటా.

లే వదినా. బీరువా తాళం తియ్. నేను మనసు మార్చుకునేలోగా తియ్.