తలుపుల్లేని పేట

"మావాడికి ఏకంగా ఓడే ఇచ్చావే జుసీ!"

"ఓడ కాదు పిన్నీ, మన రేవులో తెరచాప పడవే. అప్పటికి అవి చుక్కల్లోకి పోతుంటాయి."

సాల్వదోర్ అనే రేవుపట్నంలో, కొండమీది పేటలో, రెండొందల ఏళ్ళ తర్వాత తమ పేట ఎలా ఉంటుందో జుసీలేనీ గోడ మీద బొమ్మగా వేస్తోంది. పక్కసందు నిల్జా, చనిపోయిన తన కొడుకు కూడా అందులో ఉన్నాడని విని చూడ్డానికి వచ్చింది.

"నా తలపాగాలో ఆ దీపాలేమిటే?"

"నువ్వు పేటకి పెద్దవి. నీ మాట మీదే పడవలు కదుల్తాయి."

"ఇప్పుడు నా మాటకి కుక్క కూడా కదలదు. అవునుగానీ, ఇన్ని ఇళ్ళేశావు, ఒక్కదానికీ తలుపు లేదేం? దొంగలు పడరూ?"

"అప్పటికి దొంగలుండరు పిన్నీ. పోలీసులూ ఉండరు."

"అదృష్టవంతులు. మరి మావాడికి తెల్లచొక్కా వేశావేం?"

"బొమ్మలో శుక్రవారం కదా. శుక్రవారం అందరం తెలుపే కదా కట్టేది."

"జోయిల్సన్ కట్టేవాడా? బుద్ధెరిగాక ఒక్క శుక్రవారమైనా కట్టాడా? దానికోసం నాతో ఎన్ని గొడవలు!"

"బొమ్మే కదా పిన్నీ..."

"జేబుకి ఆకుపచ్చ అంచు కూడా వేశావు."

"ఏదో, అందంగా ఉంటుందని..."

"ఆ చొక్కా వాడు చనిపోయిన రోజే కొన్నాడు. నన్ను మురిపిద్దామని కొట్లోనే తొడుక్కుని కొండెక్కాడు. ఇంటిదాకా రానేలేదు. ఆసుపత్రివాళ్ళు బట్టల మూట చేతికిస్తే గానీ నాకే తెలీదు. కాల్చిన పోలీసులు నల్లచొక్కా, చేతిలో తుపాకీ అని రాశారు. మూట చూపిస్తే, ఇది వాడిదేనని ఏమిటి నమ్మకం అన్నారు. నువ్వెక్కడ చూశావే?"

"ఎండగా ఉంది పిన్నీ, కాసిని మంచినీళ్ళు..."

"నీళ్ళొద్దు. ఆవేళ ఊళ్ళో లేనన్నావు. శవం దగ్గర నా భుజం పట్టుకుని మరీ అన్నావు."

"భయమేసింది. సిగ్గుగా ఉంది పిన్నీ, నీ మొహం చూడలేకపోతున్నా."

"భయం ఎవరికి లేదు? దానికి నిన్నేమీ అనను. సోమవారం విచారణ. వచ్చి చెప్తావా?"

"చెప్తాను."

"ఏం చెప్తావ్? ముందు నాకు చెప్పు."

"కిటికీలోంచి చూశాను. తెల్లచొక్కానే. తుపాకీ లేదు, ఏదీ లేదు, ఒక్క అకరజే వడల పొట్లం తప్ప."

"నాకే. వేడిగా ఉంటే నాకిష్టం... సరే, చెప్పు."

"సందు కింద తుపాకులు పేలాయి. అక్కా, జుసీ అక్కా అని పరుగెత్తుకొచ్చాడు."

"ఎక్కడికొచ్చాడు?"

"మా ఇంటికే. తట్టాడు."

"నువ్వేం చేశావు?"

"గడియ మీద చెయ్యి వేశాను పిన్నీ. ఒట్టు, వేశాను."

"తర్వాత?"

"చెయ్యి అక్కడే ఉండిపోయింది."

"అందుకటే, ఈ పేటలో ఏ ఇంటికీ తలుపు పెట్టలేదు?"