నెల సగటు

అడవి వాగుల మీద రాబోయే ఏళ్లలో పడే వానలను లెక్కగట్టే కంప్యూటర్ వాతావరణ మోడల్ మధ్యలో ఆగిపోతే, ములకలపల్లిలోని ఇంటి నుంచే లాలి దాన్ని మళ్లీ నడిపించింది. వస్తున్న ఫైళ్లు చూసి, ఆఫీసులో ఉన్న సీనియర్ ఆసిమ్‌కు ఫోన్ చేసింది.

“భాయ్, రోజుకో ఫైలు రావాలె అని సెట్టింగ్ మార్చిన. ఇంకా నెలకొకటే వస్తున్నది.”

“ఎట్ల స్టార్ట్ చేసినవ్? ఆగిన కాడి నుంచేనా?”

“అవ్.”

“గట్లయితే నువ్వు మార్చింది అది చూడనే చూడదు. ఆగేటప్పుడు దాచుకున్న పాత సెట్టింగే పట్టుకొని పోతది. దాన్ని ఆపి, అదే కాడి నుంచి వేరే పేరుతోటి మోడల్‌ను కొత్తగ నడపాలె.”

“పొద్దుగాల్నుంచి నడిచిందంతా?”

“పాయె. రేపేమో వాగు కట్ట ఎత్తు తేల్చే మీటింగ్. అంతలోపు కొత్తది అయితదో కాదో.”

ఆసిమ్ గొంతు తగ్గించాడు.

“ఇట్లనే నడవనిద్దాం. నెల సగటు ఇచ్చేద్దాం. ఎవరడుగుతరు?”

“సగటు చూసి కట్ట కడతరా భాయ్?”

“కోపానికి రాకు. చేతిల ఏమీ లేకపోతే రేపు ఏం చూపిస్తవ్?”

“మా తండా మునిగిన నెల సగటు నేను చూసిన. మామూలు వాన అని ఉన్నది. ఒక్క రాత్రి దంచి కొట్టింది, మిగిలిన నెలంతా ఎండలే.”



“సరే, ఆపు. రోజు లెక్కలు లేటయితయని మీటింగ్ పెట్టిన సార్‌కు నేను చెప్త.”

“మీరు సగటు అన్నప్పుడే ఆపిన.”