వంకర కుట్టు ఆర్డరు

ముందే చెబుతున్నా చెల్లీ, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ వస్తే విసుక్కోకు. ఈమధ్య నా బుర్రలో అంతా కలగాపులగం అయిపోతోంది. ఆ సబ్బుల కంపెనీ వాళ్ళు మమ్మల్ని పేదరికంలోంచి బయటపడేస్తామని వచ్చారు చూడూ, అంతవరకూ మాత్రం ఖాయం.

అదేమిటి, అలా నవ్వుతావు? నిజమేనే! సంచులు కుట్టుకునే మా ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, సంచులు ఎలా అమ్ముకోవాలో ట్రైనింగు ఇచ్చారు. వెళ్ళేటప్పుడు తలా ఒక సంచీ చేతిలో పెట్టారు. ఎక్కడిదనుకున్నావ్? వేరే ఊరి ఫ్యాక్టరీలో కొన్నదట!

నా కోడలు ఊరుకుంటుందా? "సార్, ఆ సంచులేవో మా దగ్గరే కొనచ్చుగా?" అని అడిగేసింది. ఆఫీసరు నీళ్ళు నమిలాడు పాపం. "కొనేది పై అంతస్తు వాళ్ళమ్మా. మాది ఉద్ధరించే విభాగం" అన్నాడు.

ఆర్డరు రాకపోతే మేం కుట్టుకునే షెడ్డు మూసెయ్యడమే. కోడలు మళ్ళీ ఇటుక బట్టీకి పోవాలి. అందుకే వెంటపడ్డాం, ప్రాణం తీశాం. చివరికి పై అంతస్తు కిందికి దిగొచ్చింది. ప్రపంచంలో పేదరికం పోగొట్టడానికి పెద్ద సభ పెడుతున్నారట, దానికి సంచులు కావాలట.

కోడలు నమూనా కుట్టిచ్చింది. ఏం కుట్టనుకున్నావ్! గీత గీసినట్టుంది. తిప్పి పంపేశారు. ఎందుకో తెలుసా? మరీ తిన్నగా ఉందట! మిషను మీద కుట్టినట్టుందట. మరి మిషను మీద కాక మోకాలి మీద కుడతారా? పేదవాళ్ళు కుట్టినట్టు కనబడాలట. కాస్త వంకర పోవాలట!

అది ఎంత తంటాలు పడ్డా వంకర రాలేదే. చెయ్యి మాట వినదు. అప్పుడు కూర్చున్నాను నేను. కళ్ళు ఆనవు, చెయ్యి వణుకు. నా కుట్టు వంకర చూసి ఆఫీసరు పొంగిపోయాడు! నన్ను పంతులమ్మను చేసేశారు. వంకరగా కుట్టడమెలాగో ఇప్పుడు అందరికీ ట్రైనింగు నేనే.

షెడ్డు నిలబడిందిలే. కానీ ప్రతి సంచికీ కుట్టినవాళ్ళ పేరుతో చీటీ వేయమన్నారు. నిన్న కోడలు తన చీటీ చూసుకుని మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. "ఈ కుట్టు పక్కన నా పేరా అత్తయ్యా?"

రేపు లారీ వస్తుంది. నువ్విలా వచ్చి కాస్త పేర్లు సరిచూడవే, నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. దాని పేరున్న చీటీలన్నీ ఊడదీసి నా పేరువి వేసెయ్. ఎవరైనా అడిగితే, ఆ ముసలిది పుట్టి బుద్ధెరిగి తిన్నగా కుట్టిందే లేదని చెప్పు. నాకు పోయేదేముంది!