కత్తికి మన మాట

ఆస్ట్రేలియాలో టల్లీ నది దగ్గర, ఆదివాసీల ఊళ్ళో ఐరిస్ అమ్మమ్మ ఇంటి వసారా. ఎదురుగా మనవరాలు కెర్రీన్, ఒళ్లో ఒక కాగితం.

“కత్తిని జపాను వాళ్ళు కతానా అంటారు, మలై వాళ్ళు పెడాంగ్, న్యూగినీ వాళ్ళు బైనాట్...”

“అది తుపాకీ కొసన పెట్టేది కదే?”

“కత్తినైనా అదే అంటారట. చూడు, మన భాష ఎదురుగా ఖాళీ. మ్యూజియం వాళ్ళు అదొక్కటే అడిగారు.”

“టీ చల్లారిపోతోంది, తాగు.”

“తాగుతా. ముందు మాట చెప్పు.”

“చెప్పనన్నానా? పో, నాకు బోలెడు పనుంది.”

“ఏం పని? పొద్దుట్నుంచి ఆ కుర్చీ దిగలేదు.”

“నోరు చూడు దీనికి!”

“శుక్రవారం మ్యూజియం నుంచి మన కత్తి తిరిగొస్తోంది అమ్మమ్మా, నూరేళ్ళ తర్వాత. మన మాటతో పిలిస్తేనే ఇల్లు చేరినట్టు దానికి తెలుస్తుందని నువ్వే అన్నావు.”

“అన్నాను.”

“మరి?”

“అది మా తమ్ముడి పేరు కూడానే.”

“తెలుసు. క్లారీ తాత...”

“ష్! పోయినవాడి పేరెత్తకు.”

“అది తెల్లవాళ్ళు పెట్టిన పేరు. సమాధి మీదుంది.”

“ఏదైనా పేరే. పిలిస్తే వెనక్కి చూస్తాడు, దారి తప్పుతాడు.”

“నలభై ఒక్క ఏళ్ళయింది. అందరూ రెండు మూడేళ్ళకే పేరు వదిలేస్తారు, మళ్ళీ ఎవరైనా పలకొచ్చని. తోబుట్టువు సరే అంటే చాలు కదా?”

“నేను అనలేదు. అన్నానంటే వాడు నిజంగా పోయినట్టే.”

“కత్తి పేరు ఎందుకు పెట్టారు అసలు?”

“ఉత్త కత్తి కాదే. మనిషంత పొడుగు చెక్క. వంతులేసుకుని కొట్టుకునేవాళ్ళు, డాలుతో కాచుకునేవాళ్ళు, సాయంత్రానికి గొడవ తీరిపోయేది. ఆ తీరడాన్ని కూడా అదే మాటతో అంటాం. మా నాన్నకీ మేనమామకీ గొడవ తీరిన రోజు పుట్టాడు వాడు.”

“మీ బాబాయి కొడుకు ఉన్నా అడిగేదాన్ని. పోయిన చలికాలం ఆయనా...”

“వాడూ నా ముందు అనేవాడు కాదు. ‘ఆ పొడుగు చెక్క’ అనేవాడు, నా కోసం. మన మాటలు రికార్డు చేసుకోడానికి ఆ టేపుల అమ్మాయి వచ్చినప్పుడు కూడా అలాగే చెప్పాం ఇద్దరం.”

“అయితే ఇంక ఆ మాట తెలిసింది నువ్వొక్కదానివే. ‘పొడుగు చెక్కా, రా’ అంటే వస్తుందా అది?”

“రాదు.”

“అమ్మమ్మా...”

“సరేలే. తమ్ముడూ, విన్నావా? నీ పేరు వదిలేస్తున్నానురా. ఏమనుకోకు. కలం తియ్యవే.”

“తీశాను.”

“రాసుకో.”

“చెప్పు.”

“వాడి పేరు... వాడి పేరు...”

“ఏడవకు అమ్మమ్మా. మెల్లిగా చెప్పు.”

“ఉండు. నోట్లోనే ఆడుతోంది... ఉండవే.”

“పోనీ, మొదటి అక్షరం?”

“లేదే. ఇన్నేళ్ళూ నోట్లోకి రానివ్వలేదు, ఇప్పుడు రమ్మంటే రావట్లేదు. నేనెత్తుకుని తిప్పిన పిల్లాడే... కెర్రీన్, వాణ్ణి ఏమని పిలిచేదాన్నే నేను?”