ఏ హీరోదీ కాని పాట

ఒలే తాయారూ, ఆ ఫోను కాసింత ఇటు తే. ఏటే అది, మాటల్లేకుండా మోగతన్నాది? జపానోల్లదా? డెబ్బైల్లోదా? సౌండు పెంచు. అదిగో, కింద బొంగురు తీగ నింపాదిగా నడుస్తన్నాది, దాని మీద సన్న తీగ గెంతుతన్నాది, సూసేవా? ఇలాటి పాటే నా పెళ్లి నిలబెట్టింది. నవ్వకు. మా నరసన్నపేట కాడ అప్పలసూరని మైకుసెట్టోడు ఉండీవోడు, వరసకి నాకు అన్న. పోయి శానా ఏళ్లయిపోనాదిలే. ఆడి మేనమావ విశాపట్నం రేవులో పన్జేసీవోడు. మన ఇనపరాయి ఎత్తుకెళ్లే జపాను ఓడలో ఎవుడో ఆ మావకి పాటల ప్లేటు ఒకటి ఇచ్చేడంట. మావ తెచ్చి ఈడికిచ్చేడు. దాని మీద అచ్చరాలు ముగ్గుల్లాగుండీవి.

అరవై తొమ్మిదిలో నా పెళ్లి. మగపెళ్లోరు ఎచ్చెర్ల నుంచి ఎడ్లబళ్లు కట్టుకొచ్చేరు. అప్పట్లో ఊరికో సినిమా హీరో, నీకు తెల్దు. మా ఊరు ఒకడిది, ఆళ్ల ఊరు ఇంకొకడిది, కొట్టుకు సచ్చీవోరు. బళ్లు పందిరి కాడికి రాగానే మా పెద్దన్న సోములు ఉండబట్టలేక మా హీరో పాటేయించేడు. అంతే. నరసింగరావుగారు, పెళ్లికొడుకు తండ్రి, అదే మా మావ, అప్పటికింకా మావ కాలేదనుకో, బండి దిగకుండానే 'మావోడి పాటెయ్యండి, అప్పుడు దిగతాం' అన్నాడు. 'మా పందిట్లో ఆడి పాటేటి, కుదర్దు' అన్నాడు సోములు. 'అయితే బళ్లు తిప్పండ్రా' అన్నాడు మావ. తిప్పీసేరు కూడాను. మా అమ్మ గుమ్మంలో కూలబడిపోనాది. నేను బాసికం కట్టుకొని లోపల కూకున్నాను. ముహూర్తం దాటిపోతే, పెళ్లి ఆగిపోయిన పిల్లని మరెవుడు సేసుకుంటాడే? సన్నాయోళ్లు లేరా అంటావేటి? ఆళ్లూ సినిమా పాటలే ఊదీవోరు, ఎవుడిది ఊదినా తగువే.

అప్పుడు అప్పలసూరి సడీసప్పుడూ లేకుండా ఆ జపాను ప్లేటు తీసి ముల్లెట్టీసేడు. బాకాలోంచి బుడుంగు బుడుంగుమని మొదలైనాది. బళ్లు ఆగిపోనాయి. 'ఎవుడి పాటరా ఇది, ఏ సినిమాదిరా' అని ఆళ్లు. 'మీవోడిది కాదు కదా' అని మావోళ్లు. అందరూ బుర్ర గోక్కుంటన్నారు. అప్పలసూరి మైకు పట్టుకొని, 'బావలూ, ఇది ఏ హీరోదీ కాదు. జపానోడికి మన తగువుల్తో పనేటి? దిగండి, కాళ్లు కడుక్కోండి' అన్నాడు. పిల్లగుంటలు పాటకి గెంతుతన్నారు. మా మావ మొకం మాడ్సుకునే ఉన్నాడు గాని, బండి మీంచి యేలాడతన్న కాలు తాళమేసీస్తన్నాది. అది సూసి ఎవుడో నవ్వేడు. మావకీ నవ్వాగలేదు, దిగీసేడు. తాళి కట్టిందాకా అదే ప్లేటు మళ్లీ మళ్లీ ఏసేడు అప్పలసూరి. బంతిలో కూకోడానిక్కూడా లెగలేదు, మా అమ్మే ఆకు తీస్కెళ్లి ఆడి ముందేసింది. ఇన్నేళ్లకీ ఆణ్ణి తలుచుకోకుండా నేను దీపమెట్టలేదే.

నడి వయసులోనే పోనాడు. కబురందగానే మా మావ బండి కట్టించుకొచ్చేడు. డప్పులోళ్లని ఆపి, 'అలాక్కాదురా, ఇలగ' అని నోటితో సెప్పి మరీ ఆ జపాను వరస వాయింపించేడు. పాడెకి ఓ పక్క మా సోములు, ఇంకో పక్క ఎచ్చెర్లోళ్లు బుజం పట్టేరు. మీ అమ్మ అప్పుడు నా సంకలో ఉన్నాది. దాని సెయ్యెత్తి దణ్ణమెట్టించేను. 'ఈ పిల్ల నీ సలవే అన్నా' అన్నాను, అందరికీ ఇనపడేలాగే అన్నాను.

లెగు, పొయ్యి మీద పప్పు సూడు.