విమానం కంటే ముందొచ్చిన పావురం

నన్ను అందరూ పావురాలక్క అంటారు. వయసు యాభై నాలుగు. దర్జీ పని చేస్తాను. మేడ మీద పందెం పావురాలు పెంచుతాను. ఎస్సై గారు అడగగా, ఆ మేడ మీదే కూర్చుని ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

పోయిన ఆదివారం మా సంఘం పందెం జరిగింది. రోడ్డు మీద నాలుగు వందల ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న రేవు పట్నంలో ఉదయం ఆరున్నరకు పావురాలను వదిలారు. నా పావురం బుల్లోడు పది కాకముందే ఇంట్లో వాలాడు. మొదటి బహుమతి నాకు, రెండోది మా మరిదికి, అంటే మా చెల్లెలి మొగుడికి. అది అతనికి మింగుడుపడలేదు. పావురాలతో పాటు వెళ్లిన నా కొడుకు బుల్లోణ్ణి బుట్టలోంచి తప్పించి విమానంలో తెచ్చాడని ఫిర్యాదు చేశాడు. విమానానికి యాభై ఐదు నిమిషాలే పడుతుందన్నాడు. నా కొడుకును స్టేషన్‌లో కూర్చోబెట్టారు. వచ్చే సోమవారం వాడు కొత్త ఉద్యోగంలో చేరాలి, కేసు పడితే అది పోతుంది.

నేను స్టేషన్‌కు వెళ్లి ఎస్సై గారితో ఇలా అన్నాను: "సార్, గాల్లో యాభై ఐదు నిమిషాలే. ఊరవతల ఎయిర్‌పోర్టుకి పోవాలా, లైన్లో నిలబడాలా, బెల్టు విప్పాలా, ఇక్కడ దిగి ట్రాఫిక్‌లో పడాలా? విమానంలో తెస్తే నా బుల్లోడు ఓడిపోయేవాడు! కొండ చుట్టూ తిరగకుండా తిన్నగా వస్తే మూడొందల పది కిలోమీటర్లే."

కానిస్టేబుల్ నవ్వాడు. ఎస్సై గారు నవ్వలేదు. "అయితే మళ్లీ ఎగిరించి చూపించండి" అన్నారు.

"వదినా, ఈసారి ఇంట్లో దాచుకున్న నా మసిగాణ్ణి కూడా వదులుతా. నీ వాడి పొగరు దించుతాడు చూడు" అన్నాడు అక్కడే ఉన్న మరిది. ఆ పక్షిని మూత బుట్టలో పోలీసు జీపెక్కించాడు. అది ఎలా ఉంటుందో నేను చూడలేదు.

మగ పావురాన్ని విడిగా ఉంచి, బయల్దేరే ముందు దాని జతను ఒక్క నిమిషం చూపిస్తాం. ఇక ఇంటికి తప్ప ఎటూ పోదు. బుల్లోడికీ అలాగే చూపించి పంపాను.

ఈ రోజు ఉదయం ఏడు గంటలకు కానిస్టేబుల్ ఆ రేవు పట్నంలోనే రెంటినీ వదిలాడు. మసిగాడి కాలికి గుర్తుగా ఎర్రదారం కట్టాడు. ఎస్సై గారూ మరిదీ నా మేడ మీదే కూర్చున్నారు. పదీ ఇరవైకి బుల్లోడు వాలాడు. ఎస్సై గారు కాలి రింగు మీది నంబరు చూసి సరే అన్నారు. నేను ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

కళ్లు తుడుచుకునేలోపే ఇంకోటి దిగింది. కాలికి ఎర్రదారం, ఎడమ రెక్కలో ఒక్క తెల్ల ఈక. ఎవరి వైపూ చూడకుండా కింది వరుసలో చివరి గూట్లోకి పోయి కూర్చుంది. అది నా చిన్నోడు. ఆ గూట్లోనే పుట్టాడు. రెండేళ్ల కిందట మాయమైతే, పిల్లి ఎత్తుకుపోయిందని నన్ను ఓదార్చింది ఈ మరిదే. ఆ పూట నాతో పాటు అన్నం కూడా మానేశాడు.

మరిది దానికి జతనిచ్చాడు, పిల్లలు పుట్టాయి. అది వీధిలో తిరిగి తన ఇంటికే వస్తుంటే తనదైపోయిందనుకున్నాడు. దూరం నుంచి వదిలితే పుట్టిన గూటికే పోతుందని మరిచిపోయాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా, ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఎవరింట్లో? పిల్లి ఇంట్లోనా?" అన్నాను. ఈసారి ఎస్సై గారు కూడా నవ్వారు. అక్కడికక్కడే ఫోన్ చేసి నా కొడుకును వదిలేయమన్నారు.

ఇందులో నేను చెప్పిందే ఉంది, చెప్పనిది లేదు. చదివి వినిపించగా విని నిజమని ఒప్పుకుంటున్నాను. నాకు సంతకం చేయడం వచ్చు. కానీ కుడి చేతిలో చిన్నోడు ఉన్నాడు, వదలబుద్ధి కావడం లేదు. అందుకని ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.